మాస్కు అంచున

మూడూ పది. ఇంకొక్క గంట. గంటసేపు ఆ మాస్కు నాన్న మొహం మీద నుంచి కదలకుండా ఉంటే చాలు, అంచు లేవకుండా, గాలి ఈల వేయకుండా, నాన్న నిద్రలోనే చెయ్యెత్తి దాన్ని పీకి దిండు కిందకి తోసేయకుండా. మంచానికి వెనకవైపు స్టూలు వేసుకుని కూర్చున్న ఆ పిల్ల ఎడమ చేతి వెనకభాగాన్ని నాలుకతో కాస్త తడి చేసుకుని, నాన్న చెంపకి తగిలీ తగలనంత దగ్గరగా పట్టుకుంది. తడి చేతికి గాలి ముందు తెలుస్తుంది, చెవికి తర్వాత తెలుస్తుంది అని, మాస్కు అమర్చడం నేర్పడానికి వచ్చిన మాస్కుల మేడమ్ చెప్పింది. కన్ను కింద ఏమీ లేదు. ముక్కు పక్కన ఏమీ లేదు. గడ్డం దగ్గర మాత్రం ఎవరో దూరం నుంచి ఊదినట్టు చల్లగా, కొంచెం. కొంచెమైతే ఫరవాలేదు. కొంచెం అందరికీ పోతుందట. మంచం పక్కన, మాస్కులోకి గాలి పంపే టిఫిన్ డబ్బా అంత మిషను, దాని చిన్న తెర మీద పచ్చటి బొమ్మ మొహం నవ్వుతూనే ఉంది. గాలి ఎక్కువ పోతే ఆ మొహం ఎర్రబడి మూతి ముడుస్తుంది. ముప్పై రోజులుగా ఇంట్లో అందరూ నాన్న మొహం మానేసి దాని మొహమే చూస్తున్నారు.

పొద్దున అమ్మ కూడా దాన్నే చూసింది. చూసి నెత్తి కొట్టుకుంది. రాత్రి మూడు గంటలసేపు పెట్టుకుని నాన్న మాస్కు పీకేశాడు. మూడు గంటలంటే లెక్కలోకి రాదు, నాలుగు కావాలి. గాలి పోతే మిషను మూతి ముడుస్తుంది కానీ లెక్క ఆపదు, మాస్కు పీకితేనే ఆపుతుంది. ముప్పై రోజుల్లో ఇరవై ఒక్క రోజులైనా, రోజుకి నాలుగు గంటలైనా మాస్కు పెట్టుకుని ఉండాలి, అప్పుడే డాక్టరు కాగితం మీద సంతకం పెడతాడు, ఆ కాగితం చూపిస్తేనే డిపోలో నాన్నకి మళ్ళీ బస్సు ఇస్తారు. ఇరవై అయ్యాయి. ఇవాళ ముప్పయ్యో రోజు, సాయంత్రం ఆరులోపు మిషనులోని కార్డు తీసి ఇవ్వాలి, లేకపోతే మళ్ళీ ఆరు నెలల దాకా పరీక్ష లేదు, ఆరు నెలలంటే నాన్న బస్సు పూర్తిగా ఇంకొకరి చేతికి పోతుంది. అమ్మ ఫోన్లో అరిచినట్టే మాట్లాడింది. "మా ఆయన రాత్రీ పీకేశాడండీ. ఒక్క రోజు తక్కువైంది. ఆయన చేతులు కట్టేసి పడుకోబెట్టమంటారా, చెప్పండి." అవతల మాస్కుల మేడమ్ నవ్వింది. నవ్వి, "ఈ మిషనుకి రోజు అర్ధరాత్రి మారదమ్మా, మధ్యాహ్నం పన్నెండింటికి మారుతుంది. పన్నెండు దాటాక పడుకోబెట్టండి, అది ఇంకో రోజు కిందికి వస్తుంది" అంది. అమ్మ ఫోను పెట్టేసి కాసేపు గోడ గడియారం వైపు అలాగే చూసింది. బొత్తాల కాజాలు కుట్టే షాపులో అమ్మకి ఈ వారం సెలవు అడిగే వీల్లేదు. చెప్పులేసుకుంటూ, "ఆయన ఇవాళ డిపోకి వెళ్ళరు, నువ్వూ బడి మానేసి కూర్చో. ఆయన మొహం మీద ఈగ వాలినా ఊరుకోను" అంది. తలుపు దాటి, మళ్ళీ వెనక్కొచ్చి, "ఏదైనా అయితే నోరు తెరిచి పిలువు తల్లీ. ఒక్కసారైనా" అంది.

నోరు తెరిచి. అందరూ అదే అంటారు. కండక్టర్ బాబాయి కూడా అదే అనేవాడు. నాన్న బస్సు ఎనిమిదింటికి వీధి చివర ఆగేది, ఆ పిల్ల ఎక్కి డ్రైవరు సీటు వెనకున్న ఒంటరి సీటులో కూర్చునేది, ఒకటో నంబరు సీటు. బడి దాకా ఇరవై రెండు నిమిషాలు. "మా ఒకటో నంబరు ఇవాళ 'రైట్ రైట్' అంటుంది, అందరూ చెవులు రిక్కించండి" అని కండక్టర్ బాబాయి బస్సంతా వినబడేలా అనేవాడు, ఆ పిల్ల తల కిటికీ వైపు తిప్పేసుకునేది, చెవులు కాలిపోయేవి. "ఒక్క రైట్ చాలమ్మా, రెండోది నేనంటాను" అనేవాడు. ఏడేళ్ళు అడిగాడు పాపం. ఒక్కసారి కూడా అనలేదు. ముందు పెద్ద అద్దంలో నాన్న కళ్ళు నవ్వేవి. మొహం కనబడేది కాదు, కళ్ళు, కనుబొమలు, అంతే. ఆ రెండు కనుబొమలు పైకి లేస్తే 'ఏంటి కబుర్లు?' అని అర్థం. ఆ అద్దంలోకి చూసి ఆ పిల్ల ఎన్ని మాటలు చెప్పేదో. లెక్కల మాస్టారి చొక్కాకి బొత్తం ఊడిందని, పక్క పిల్ల తన రబ్బరు తీసుకుని ఇవ్వలేదని, తనకి ఒక్కోసారి ఏమీ లేకుండానే ఏడుపొస్తుందని. ఇంజను చప్పుడులో ఎవరికీ వినబడదు, నాన్నకి తప్ప. నాన్న రోడ్డు మీద నుంచి చూపు తీయకుండా వినేవాడు, మధ్యలో ఒక్క క్షణం అద్దంలోకి చూసేవాడు. ఇంటికొస్తే ఆ నాన్నే ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ మాట వచ్చేది కాదు. అన్నం తిన్నావా, తిన్నాను, ఫ్యాను వెయ్యనా, వెయ్యి. అంతే. ఇద్దరూ ఒకే అచ్చు అని అమ్మ విసుక్కునేది, ఈ ఇంట్లో నేనూ గోడలూ మాట్లాడుకోవాలి అనేది.

చెయ్యి ఆరిపోయింది. మళ్ళీ తడి చేసుకుంది. మూడూ పద్దెనిమిది. కిటికీ బయట ఎవరో బకెట్టు కింద పెట్టారు, దాని పిడి ఠంగుమని పడింది, నాన్న కనురెప్ప కదిలింది. కదలకు నాన్నా. ఆగింది. నాన్న పక్కకి తిరిగి, ఎదురుగా బీరువా వైపు మొహం పెట్టి పడుకున్నాడు. మిషను గొట్టం దిండు మీద బరువుగా పడితే మాస్కుని ఒక పక్కకి లాగుతుందని దాన్ని పైకి తీసి, మంచం తలవైపు చెక్కకి తన జడ రిబ్బనుతో కట్టింది. అది మేడమ్ చెప్పలేదు, తనే కనిపెట్టింది. మాస్కు కింద, పైపెదవి మీద మీసం ఉండాల్సిన చోట నాన్న చర్మం తెల్లగా, ఎండ తగలని మెడవెనకలా ఉంది. మీసం వెంట్రుకల సందుల్లోంచి గాలి పోతుందంటే మొదటివారం "బస్సు పోయినా సరే, మీసం తీయను" అన్నాడు. రెండోవారం ఒక సాయంత్రం స్నానాల గదిలోంచి మీసం లేకుండా వచ్చి, ఎవరి వైపూ చూడకుండా మంచం మీద కూర్చున్నాడు. అమ్మ నవ్వబోయి ఆగిపోయింది. నాన్నకి బస్సంటే ఎంత ఇష్టమో ఆ పిల్లకి ఆ పూటే తెలిసింది. ఇప్పుడు డిపోలో ఆయన్ని తాళాల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. తెల్లవారుజామున వచ్చే డ్రైవర్లకి ఎవరి బస్సు తాళం వాళ్ళకి అందించాలి, రాత్రికి మళ్ళీ తీసుకుని కొక్కేలకి తగిలించాలి. తన బస్సు తాళం కూడా అలాగే ఎవరి చేతిలోనో పెడతాడు. ఇంటికొచ్చాక నాన్న వేళ్ళకి ఇనుము వాసన వస్తుంది. అంతకుముందు చెమట, డీజిలు, స్టీరింగుకి చుట్టిన ప్లాస్టిక్ తాడు వాసన వచ్చేది.

తాళాల కిటికీకి పంపకముందు, ఆ రోజు. వంతెన దిగాక సిగ్నలు. ఎర్ర దీపం పడింది, బస్సు ఆగింది, ఆ పిల్ల అద్దంలోకి చూసి రబ్బరు సంగతి చెబుతోంది. నాన్న కళ్ళు మూసుకున్నాయి. ఎండకి మూసుకున్నాడేమో అనుకుంది. పచ్చ దీపం వచ్చింది. కళ్ళు తెరుచుకోలేదు. వెనక నుంచి హారన్లు. కండక్టర్ బాబాయి వెనక తలుపు దగ్గర రైట్ రైట్ అంటున్నాడు, వేళాకోళమేమో అనుకుని మళ్ళీ అన్నాడు. ఆ పిల్ల 'నాన్నా' అనాలి. బస్సులో నలభై మంది ఉన్నారు, అందరూ ముందుకే చూస్తున్నారు, నాన్నా అని అరిస్తే నలభై మంది తన వైపే చూస్తారు. మాట గొంతులోనే ఉండిపోయింది. పచ్చ పోయి ఎర్ర, ఎర్ర పోయి పచ్చ. అప్పుడు బస్సంతా వినబడేలా నాన్న గురక పెట్టాడు. ఎవరో నవ్వారు. ఇంకెవరో నవ్వలేదు, ఆ నవ్వనివాళ్ళు డిపోకి ఫోను చేశారు. డాక్టరు తర్వాత చెప్పాడు, నిద్రలో ఈయన గొంతు మూసుకుపోతోంది, ఊపిరి ఆగుతోంది, మెదడు ఉలిక్కిపడి లేపుతోంది, గంటకి నలభైసార్లు, పొద్దున్నకి ఈయనకేమీ గుర్తుండదు, అందుకే పగలు నిద్ర కమ్మేస్తోంది అని. మాస్కులోంచి గాలి వస్తూ ఉంటే గొంతు తెరుచుకునే ఉంటుందట. గొంతు మూసుకుపోవడం ఆ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. తనకి మెలకువలోనే మూసుకుపోతుంది.

మూడూ ముప్పై. గడ్డం దగ్గర గాలి కాస్త పెరిగింది. పట్టీ బిగించాలనిపించింది, కానీ బిగించకూడదు. మొదటి రెండు రోజులు అమ్మ బస్తా మూతి కట్టినట్టు నాలుగు పట్టీలూ లాగి కట్టేది, నాన్న ముక్కు మీద ఎర్రటి గాటు పడేది, ఎంత బిగిస్తే అంత ఈల. మాస్కుల మేడమ్ చూసి, "అయ్యో, ఆయన్ని ఏ పార్సిల్లో పంపిద్దామనుకున్నారమ్మా?" అంది. ఆవిడ నాన్నని పడుకోబెట్టింది, మిషను వేసింది, పట్టీలు వదులు చేసింది, మాస్కుని మొహం మీద నుంచి కాస్త ఎత్తింది. మెత్తటి అంచు గాలి నింపుకుని బుస్సుమని ఉబ్బింది, అప్పుడు నెమ్మదిగా ఆనించింది. ఈల ఆగిపోయింది. "ఇది బెలూను లాంటిది. నొక్కేస్తే నలుగుతుంది, నలిగిన చోట దారి దొరుకుతుంది గాలికి. దానికి కాస్త చోటివ్వాలి. ఇంకోటి, కూర్చున్న మొహం వేరు, పడుకున్న మొహం వేరు. పడుకుంటే బుగ్గలు జారతాయి. కూర్చోబెట్టి సరిచేస్తే పడుకున్నాక సరిపోదు." ఆ పిల్ల ఆ మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు. కూర్చున్న మొహంతో తనకి ఎప్పుడూ మాట్లాడ్డం రాలేదు. పడుకున్న మొహాన్ని ఈ ముప్పై రోజుల్లో బాగా చూసింది, ఎడమ బుగ్గ కొంచెం ఎక్కువ జారుతుందని అమ్మకి కూడా తెలియదు. తనకి కావలసిన మొహం మాత్రం ఆ రెండూ కాదు. అద్దంలో ముప్పావు వంతు లేకుండా, కళ్ళు మాత్రమే ఉండేది.

ఆ మేడమే ఆరో రోజు మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో మాట కూడా అంది. మాస్కు ముందుభాగాన, గొట్టం తగిలే చోట గుండ్రంగా సన్నటి చిల్లుల వరస ఉంటుంది. దాన్ని వేలితో చూపించి, "వీటిని మాత్రం ఎప్పుడూ మూయకండి, ఇది లీకు కాదు, వదిలిన ఊపిరి బయటికి పోయే దారి. మూస్తే వదిలిన గాలినే మళ్ళీ పీల్చుకోవాలి" అంది. అమ్మ పకపకా నవ్వింది. "అంత తెలివితక్కువ పని ఎవరు చేస్తారండీ!" ఆ పిల్ల అమ్మ వెనకాల నిలబడి గచ్చు మీద గీతలు లెక్కపెట్టింది. ఆ పని అయిపోయి అప్పటికి రెండు రోజులు. నాలుగో రోజు అది, నాన్న అలసిపోయి చీకటి పడకముందే పడుకున్నాడు, అమ్మ బట్టలు మడతపెడుతోంది, తను మాస్కు చుట్టూ చెయ్యి తిప్పుతూంటే ముందు నుంచి బోలెడంత గాలి. దొరికిందనుకుంది. ఇంత పెద్ద లీకు ఎవరికీ కనబడలేదు, తనకి దొరికింది. చెప్పు కొరికినప్పుడు వేసుకోవడానికి సంచిలో పెట్టుకున్న ప్లాస్టరు తీసి ఆ చిల్లుల మీద చుట్టూ అంటించింది. ఈల ఆగింది, ఎంత గర్వపడిందో. పావుగంటకి నాన్న నీళ్ళలోంచి పైకొచ్చినవాడిలా లేచి కూర్చుని మాస్కు పీకేశాడు, చొక్కా తడిసిపోయింది, "ఇది చంపేస్తుంది నన్ను" అన్నాడు అమ్మతో. ఆ మాట ఇంకా ఈ గదిలోనే ఉంది. ఎవరూ చూడకముందే తను ప్లాస్టరు ఒలిచేసింది. నాన్నకి తెలిసిందల్లా మిషను ఉన్నట్టుండి ఊపిరి ఆపేసిందని. అప్పట్నుంచి మెలకువలో ఆ మాస్కుని ఐదు నిమిషాలు కూడా భరించలేడు, నిద్ర ముంచుకొచ్చాకే పెట్టించుకుంటాడు, నిద్రలో కూడా ఆ చెయ్యి కాపలా మానదు, ఎప్పుడో పైకి లేచి దాన్ని లాగేస్తుంది. పోయిన ప్రతి రాత్రీ తనవల్లే పోయింది. ఇరవై ఆరు రోజులుగా చెప్పాలనుకుంటోంది. బస్సుంటే చెప్పేసేది. ఇంజను చప్పుడు, ముందు అద్దం, వెనక తను, చెప్పేసేది. కానీ బస్సు లేకనే కదా ఇదంతా.

ఈల.

సన్నగా, కన్ను కిందనుంచి. నాన్న తల దిండులోకి జారింది, దిండు అంచు మాస్కుని పైకి తోసింది, గాలి కంట్లోకి పోతోంది. తెర మీద మొహం ఎర్రబడింది. మూడూ నలభై ఆరు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి దిండు మూలని రెండు వేళ్ళతో కిందికి నొక్కింది. తగ్గింది కానీ పోలేదు. ఎత్తాలి. ఒక్క ఊపిరి సేపు ఎత్తి, అంచుని ఉబ్బనిచ్చి, మళ్ళీ ఆనించాలి. కింద పట్టీ ఒక్క గీత వదులు చేసింది, నాన్న ఊపిరి వదిలేదాకా ఆగింది, ఎత్తింది, బుస్సుమంది, ఆనించింది. ఈల ఆగింది. మొహం పచ్చబడింది. అమ్మయ్య అనుకుని తలెత్తేసరికి, ఎదురుగా బీరువా తలుపుకున్న అద్దంలో నాన్న కళ్ళు తెరిచి ఉన్నాయి.

కళ్ళు మాత్రమే. కింద అంతా మాస్కు. ఆయన ముందు, తను వెనక. ఇన్నాళ్ళూ ఇదే గదిలో ఇదే స్టూలు మీద కూర్చుంది, ఆ అద్దం అక్కడే ఉంది, ఎప్పుడూ తలెత్తి చూడలేదు. నాన్న కళ్ళలో ముందు నిద్ర కనబడింది, తర్వాత ఎక్కడున్నాడో తెలిసింది, ఆ తర్వాత ఆ భయం, నాలుగో రోజు భయం, వచ్చేసింది. దుప్పటి కదిలింది. చెయ్యి పైకి లేస్తోంది. ఇరవై మూడు నిమిషాలుంది. ఆ చెయ్యి పట్టుకుని ఆపడం తనవల్ల కాదు, అమ్మ అయితే ఆపేది. వేళ్ళు పట్టీ దాకా వచ్చాయి.

"నాన్నా," అంది అద్దంతో. గొంతు బొంగురుగా వచ్చింది. "అది మిషను కాదు. నేనే."

వేళ్ళు ఆగాయి.

"ముందు చిల్లులుంటాయి నాన్నా. లీకనుకుని ప్లాస్టరు వేసేశాను. ఆ రోజు. అందుకే నీకు ఊపిరాడలేదు. మిషను ఏమీ చెయ్యలేదు, అది మంచిదే. తర్వాత తీసేశాను. చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదు." ఇంకా చాలా ఉంది, ఎక్కడ ఆపాలో తెలియలేదు. "చూడు కావాలంటే. ఇప్పుడేం లేదు. వేలు పెట్టి చూడు."

నాన్న అద్దంలోంచి తననే చూస్తున్నాడు. తిడతాడా? మాస్కులోంచి తిట్టడం కూడా కుదరదు. ఆయన చూపుడువేలు పట్టీ వదిలి, మాస్కు మీదుగా నెమ్మదిగా, చీకట్లో తాళం కన్నం వెతికినట్టు ముందుకి వచ్చింది. చిల్లుల మీద ఆగింది. ఊపిరి వదిలాడు. వేలికి గాలి తగిలిందని ఆయన కళ్ళలో కనబడింది. మళ్ళీ పీల్చి, మళ్ళీ వదిలాడు. మూడోసారి కొంచెం గట్టిగా, పరీక్ష చేస్తున్నట్టు. వేలు చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత చెయ్యి దిగి దుప్పటి మీద పడుకుంది. అద్దంలో ఆ రెండు కనుబొమలు పైకి లేచాయి. ఏంటి కబుర్లు?

ఎన్ని నెలలైందో చూసి. ఆ పిల్లకి ఏడుపొచ్చింది, మింగేసింది. మాట్లాడితే నాన్న మాస్కు తీయడు, అంతవరకూ తెలిసింది, ఏం మాట్లాడాలో తెలియలేదు. అద్దంలోకి చూస్తూ, మాటల్లోనే, ఎనిమిదింటికి వీధి చివర నాన్న బస్సెక్కింది. ఒకటో నంబరు సీటులో కూర్చుంది. పాలకేంద్రం దగ్గర ఇద్దరు ఎక్కారు నాన్నా, కండక్టర్ బాబాయి చిల్లర లేదని వాళ్ళతో గొడవ పెట్టుకున్నాడు. కోత మిల్లు దగ్గర చెక్కపొట్టు వాసన. లెక్కల మాస్టారికి ఇంకో బొత్తం కూడా ఊడింది. పక్క పిల్ల రబ్బరు ఇచ్చేసింది, సగం అరగదీసి ఇచ్చింది. నిజానికి ఇప్పుడు తను బడికి వేరే బస్సులో వెళ్తోంది, ఆ డ్రైవరు అద్దంలోకి చూడడు, ఒకటో నంబరు సీటులో ఎవరో సంచీ పెడతారు. ఇదిగో వంతెన ఎక్కుతోంది. నీళ్ళు తగ్గిపోయాయి, రాళ్ళు కనబడుతున్నాయి. వంతెన దిగింది. సిగ్నలు. ఎర్ర దీపం.

అక్కడ మాట ఆగిపోయింది. నాన్న కళ్ళు కదలకుండా అద్దంలో ఎదురుచూస్తున్నాయి. "ఆ రోజు నేను చూశాను నాన్నా," అంది చివరికి. "నీ కళ్ళు మూసుకోవడం. పిలవాలనుకున్నాను."

నాన్న కళ్ళు ఒకసారి మూసి తెరిచాడు, తెలుసులే అన్నట్టు. గోడ మీద నాలుగూ ఆరు. ఇంకా నాలుగు నిమిషాలు. పచ్చ దీపం వచ్చేసింది, బస్సు ఆగే ఉంది, వెనక హారన్లు మోగుతున్నాయి. ఆ పిల్ల స్టూలు మీద నిటారుగా కూర్చుని, వెనక తలుపు దాకా వినబడాలన్నంత గట్టిగా, పక్కింటివాళ్ళు ఏమనుకుంటే అనుకోనీ, అరిచేసింది.

"రైట్! రైట్!"

నాన్నకి నవ్వొచ్చింది. కళ్ళలో మొదలై బుగ్గల్లోకి దిగింది, బుగ్గలు లేచేసరికి మాస్కు అంచు రెండు పక్కలా లేచింది, గాలి ఈల వేసుకుంటూ బయటికి వచ్చేసింది. తెర మీద మొహం ఎర్రబడి మూతి ముడిచింది. నవ్వకు నాన్నా, గాలి పోతోంది, అంటూ ఆ పిల్ల చెయ్యి చాపింది. తడి లేని చేతికి కూడా చల్లగా తగిలింది. పట్టీ ముట్టుకోలేదు. అంచు సర్దలేదు. ఆ మూడు నిమిషాలూ ఆ గాలి పోయే చోటే అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది.